లొరెయిన్ ఓవెనూ, దేశాధ్యక్ష ఎన్నికలూ

లొరెయిన్ తిబొడో వంటింట్లో ఓవెన్ తలుపు ఊడిపోయి రెండేళ్ళు దాటింది. ఊడిపోయిందంటే మరీ పూర్తిగా కాదు. తలుపు మూసి, దానికి ఓ పొయ్యికట్టె ఏటవాలుగా ఆనించి, కట్టె జారకుండా ఓ కుర్చీ అడ్డం పెడితే బాగానే పనిచేసేది. కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటే ఇంకా బాగా పనిచేసేది. ఆ ఎవరో ఒకరు సాధారణంగా ఆవిడ మొగుడు అర్మాండే.

"ఇంకా ఎంతసేపు కాలాలి?" అని అడిగేవాడు అర్మాండ్.

"ముప్పావుగంట. నువ్విలా కదులుతుంటే గంటన్నర."

కొత్త ఓవెన్‌కి డబ్బు లేక కాదు. లొరెయిన్ రెండేళ్ళు తన లైబ్రరీ జీతంలోంచి మిగిల్చి, "ఎలాగూ బండేసుకుని టౌనుకి పోతావుగా, ఆర్డరిచ్చి రా" అని సెప్టెంబరులో మొగుడి చేతిలో పెట్టింది. చలికాలం ముందు ఇళ్ళ నేలమాళిగల్లో ఉండే ట్యాంకులకి హీటింగ్ ఆయిలు పోసి రావడం అర్మాండ్ ఉద్యోగం. ఆ రోజు టౌనుకి పోయే దారిలో స్నేహితుడు వెండెల్ ఇంటి దగ్గర ఆయిలు పోయడానికి ఆగాడు. ఆగకపోతే ఈ కథే లేదు.

వెండెల్ తన ఫోను చూపించాడు. అందులో రెండు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న బీవర్ అనే ఏటిజంతువు బొమ్మ, దాని పక్కన పైకి పాకుతున్న ఆకుపచ్చ గీత. పేరు బీవర్‌కాయిన్. చేతికి తగలని డబ్బు, కంప్యూటర్లలో పుట్టి కంప్యూటర్లలోనే పెరిగే డబ్బు. ఇలాంటిదాన్ని క్రిప్టో అంటారట. ఒక్క వారం ఓపిక పడితే ఒక ఓవెన్ డబ్బుతో రెండు ఓవెన్లొస్తాయి కదా అనుకున్నాడు అర్మాండ్. ఉన్నదంతా అందులో పెట్టేసి, రెండోది వంటింట్లో ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించేశాడు. ఆ సాయంత్రానికి గీత ఎర్రబడి కిందికి తిరిగింది.

"ఓవెన్ ఎప్పుడొస్తుందన్నారు?" అంది లొరెయిన్.

"ఓడలో ఉందట."

"ఏ ఓడ?"

"పెద్ద ఓడే."

"ఎక్కడిదాకా వచ్చిందట?"

"సముద్రం దాకా."

లొరెయిన్ అతని మొహంలోకి కాసేపు చూసి, "సరే, సముద్రం దాటాక చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో ఆవిడ ఒక మాటని అంత తేలిగ్గా వదిలేయడం అదే మొదటిసారి. అనుమానపడాల్సింది పోయి అర్మాండ్ సంతోషపడ్డాడు.

అక్టోబరులో అతనో సంగతి కనిపెట్టాడు. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న గవర్నర్ బ్రాక్‌వే ఎక్కడో సభలో "క్రిప్టో మంచిదే, నేను గెలిస్తే దాని జోలికి పోను" అన్నాడు. ఆ పూట బీవర్ పైకెక్కింది. మూడోనాడు సెనేటర్ హాలోరన్ "అదంతా మోసం, నేను గెలిస్తే దానికి తాళం వేయిస్తా" అన్నాడు. బీవర్ దబ్బున కిందపడింది. ఎదురుగా ఉన్న టోస్టు చల్లారిపోతుండగా అర్మాండ్‌కి జ్ఞానోదయమయింది. తన ఓవెన్ వెండెల్ చేతిలోనూ లేదు, కంప్యూటర్లలోనూ లేదు. అభ్యర్థుల నోట్లో ఉంది.

ఇంకో రాష్ట్రంవాడైతే అక్కడితో నిట్టూర్చి ఊరుకునేవాడు. అర్మాండ్‌ది న్యూ హాంప్‌షైర్. దేశంలో అందరికంటే ముందు, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఓటు వేసేది తామే కాబట్టి, అధ్యక్షుడు కాదల్చుకున్న ప్రతివాడూ తమ ఇంటికొచ్చి, తమ సోఫాలో కూర్చుని, పెట్టింది తిని, అడిగినదానికి జవాబు చెప్పి పోవాలని అక్కడివాళ్ళ పట్టు. పక్కింటి ఒడిల్‌ని ఫలానా ఆయనకేస్తావా అని అడిగితే, "ఇంకా తేల్చుకోలేదు. ఆయన మా ఇంటికొచ్చింది ఒక్కసారేగా" అంటుంది. మరి గవర్నర్ తన ఇంటికే వస్తే, టీవీ వాళ్ళ ముందు బీవర్ గురించి నాలుగు మంచి మాటలు చెబితే? పైగా లొరెయిన్‌కీ ఆవిడ స్నేహితురాళ్ళకీ గవర్నర్ నచ్చి, ఊరంతా ఆయనకే ఓటేస్తే?

అర్మాండ్ గవర్నర్ ప్రచార కార్యాలయానికి ఫోన్ చేశాడు. టామ్సిన్ అనే ఆవిడ ఎత్తింది. రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని ఇద్దరితో ఒకేసారి మాట్లాడుతోంది.

"మా ఎల్డర్స్‌బ్రూక్‌కి గవర్నర్ గారు రావాలండీ."

"ఓటర్లు ఎంతమంది?"

"మూడొందల చిల్లర."

"చూస్తాం లెండి" అంది టామ్సిన్. అంటే చూడరన్నమాట.

"అందరి దగ్గరా క్రిప్టో ఉందండీ" అనేశాడు.

అవతల రెండో ఫోను కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "అందరి దగ్గరానా?"

"మా ఊళ్ళో వేరే మాటే లేదు. శనివారం చెత్త పడేయడానికి డిపోకి పోతే అక్కడా అదే మాట. ఈ విషయంలో ఎవరు గట్టిగా నిలబడతారో వాళ్ళకే ఓటని కూర్చున్నారు."

నిజానికి చెత్త డిపో దగ్గర ఎల్డర్స్‌బ్రూక్ జనం మాట్లాడుకునేది ఒకటే విషయం. మంచు పడినప్పుడు రోడ్డు మీద ఉప్పు చల్లే బండి తమ వీధి మొదట్లోనే ఎందుకు ఆగిపోతుందని. క్రిప్టో ఉన్నది ఊరు మొత్తానికి ఇద్దరి దగ్గర. ఆ ఇద్దరూ దాన్ని పెళ్ళాలకి తెలియకుండా దాచుకుంటున్నారు.

"లొరెయిన్, గవర్నర్ బ్రాక్‌వే మనింటికొస్తున్నాడు."

"మనింటికా? ఎందుకు?"

"మన అభిప్రాయాలు తెలుసుకోవడానికి."

"నీకేం అభిప్రాయాలున్నాయి?"

"ఇప్పట్నించి ఏర్పరుచుకుంటాను."

లొరెయిన్ ఇల్లంతా ఒకసారి కలయజూసింది. "ఈ గోడకాగితంతోనా? ఆ విరిగిన మెట్టుతోనా? రేపు కాబోయే అధ్యక్షుడు మన మెట్టు మీంచి జారి నడుం విరగ్గొట్టుకుంటే మన ఇంటిపేరు బళ్ళో పిల్లల చేత చదివిస్తారు" అంది.

మూడు వారాల్లో అర్మాండ్ మెట్టు వేశాడు. గోడకాగితం గీకి రంగేశాడు. చూరు కాలవలో మూడేళ్ళ ఆకులు తీశాడు. వాటి మధ్య పోయినేడాది పోయిన తన టోపీ దొరికింది. తొమ్మిదేళ్ళుగా "ఈ ఆదివారం చేస్తా" అన్న పనులన్నీ గవర్నర్ పుణ్యమా అని అయిపోయాయి. లొరెయిన్ వెనకాలే నిలబడి, "ఆ మూల ఇంకో పూత" అంటూ ఉండేది.

నవంబరులో గవర్నర్ వచ్చాడు. ముందు గదిలో నలభై మంది, ఒక టీవీ కెమెరా, మధ్యలో పొడుగాటి గవర్నర్. లొరెయిన్ తమ వాళ్ళు తూర్తియేర్లని పిలుచుకునే, పంది మాంసం కూరిన రొట్టెలు పక్కింటి ఒడిల్ ఓవెన్లో ఇరవై చేసి పెట్టింది. గవర్నర్ రెండు ముక్కలు తిని మూడో దాని వంక చూస్తున్నాడు. అర్మాండ్ గొంతు సవరించుకుని లేచాడు.

"గవర్నర్ గారూ, మా స్నేహితుడొకాయన ఉన్నాడండీ. వాళ్ళావిడ ఓవెన్ కొనమని ఇచ్చిన డబ్బు క్రిప్టోలో పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు. అలాంటివాళ్ళకి మీరేం భరోసా ఇస్తారు?"

నలభై తలకాయలు ఒక్కసారి వంటింటి వైపు తిరిగాయి. ముందు గదిలోంచి పొయ్యికట్టె, కుర్చీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మళ్ళీ నలభై తలకాయలూ అర్మాండ్ వైపు తిరిగాయి. లొరెయిన్ మాత్రం తూర్తియేర్ కోస్తూనే ఉంది.

"ఆ స్నేహితుడికి చెప్పండి," అన్నాడు గవర్నర్ కెమెరా వైపు తిరిగి, "నేను వైట్‌హౌస్‌లో ఉన్నంతకాలం ఆయన ఓవెన్ భద్రం."

"నాదో సందేహం" అంది లొరెయిన్, చాకు పక్కన పెట్టి. "ఆ డబ్బుకి తాళంచెవి లాంటి మాటలేవో ఉంటాయటగా. అవి మర్చిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"ఎవరికీ చేసే పనిలేదమ్మా. మధ్యలో ఎవరూ ఉండరు. అదే దాని గొప్పతనం."

"అంటే మర్చిపోతే పోయినట్టేనా?"

"అది స్వేచ్ఛ అమ్మా."

"మా ఆయన కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. ఆయనకింత స్వేచ్ఛ ఎందుకండీ?" అంది లొరెయిన్. గదంతా ఘొల్లున నవ్వింది. గవర్నర్ కూడా నవ్వి, ఆ నవ్వు చాటున మూడో ముక్క తీసుకున్నాడు.

ఆ వారం బీవర్ మళ్ళీ లేచి కూర్చుంది. పెట్టినదాంట్లో సగం దాకా వెనక్కొచ్చింది. అమ్మేద్దామా అనుకున్నాడు అర్మాండ్. ఇంకొంచెం ఆగుదామని కూడా అనుకున్నాడు. రెండో ఆలోచనే గెలిచింది.

అసలు చిక్కు సెనేటర్ దగ్గర వచ్చింది. ఎల్డర్స్‌బ్రూక్ అంతా క్రిప్టో మనుషులేనన్న వార్త టామ్సిన్ రెండు ఫోన్లలోంచి పత్రికలకీ, పత్రికల్లోంచి సెనేటర్ హాలోరన్ మనుషులకీ పాకింది. ఒక ఊరే ఇలా ఉంటే చుట్టుపక్కల ఊళ్ళ మాటేమిటని వాళ్ళు హడలిపోయారు. వారం తిరక్కుండా సెనేటర్ కూడా అదే ఇంటికి వస్తానని కబురు పెట్టాడు.

"వద్దని చెప్పెయ్" అన్నాడు అర్మాండ్. తాళం వేయిస్తానన్నవాడు వచ్చి తన ఇంట్లోనే తాళం వేస్తే?

"ఒకరిని పిలిచి ఇంకొకరిని వద్దంటే బాగుంటుందా? నేను ఓటింగు రోజు టౌన్ హాల్లో ఓటర్ల జాబితా చూసే మనిషిని. రేపు నన్ను పక్షపాతం అంటారు" అంది లొరెయిన్. "అన్నట్టు ఆయనకి మోకాళ్ళ నొప్పులట. బాత్‌రూములో పట్టుకునే కడ్డీ బిగించాలి. ఆ కారే పంపు కూడా చూడు."

సెనేటర్ వచ్చి సోఫాలో కూర్చుని, మోకాలు నిమురుకుంటూ, క్రిప్టో అంటే తనకి మొదట్నించీ ఎంతో అభిమానమన్నాడు.

"అక్టోబరులో మోసమన్నారుగా?" అంది లొరెయిన్.

"అక్టోబరుకి నేనింకా ఎల్డర్స్‌బ్రూక్ చూళ్ళేదమ్మా."

దాంతో గవర్నర్ ఇంకో మెట్టు ఎక్కి, జాతీయ బీవర్ దినం పెట్టిస్తానన్నాడు. సెనేటర్ వారోత్సవాలన్నాడు. క్రిస్మస్ నాటికి ఇద్దరి మాటలూ పక్కపక్కన పెడితే ఎవరివేవో వాళ్ళ పెళ్ళాలు కూడా చెప్పలేని స్థితికొచ్చాయి. ఇంకా వింతేమిటంటే, చెత్త డిపో దగ్గర జనం నిజంగానే క్రిప్టో గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "మన దగ్గరుందంటున్నారు, ఎక్కడుందో నీకేమైనా తెలుసా?" అని ఒకరినొకరు ఆరా తీసేవాళ్ళు.

ఈ గోలలో అర్మాండ్‌కి ఓదార్పు ఒక్కటే. లొరెయిన్ గవర్నర్ పక్షానికి మారిందని అతని నమ్మకం. లేకపోతే ఆయన కార్యాలయానికి అన్నేసి తూర్తియేర్లు ఎందుకు పంపుతుంది? ఒడిల్ ఇంట్లో తెల్లారుజామునించీ కాల్చి, పెట్టెల్లో సర్ది, "ఆయిలు బండెలాగూ అటే పోతుందిగా" అనేది. అర్మాండ్ హుషారుగా కేబిన్ నిండా పెట్టెలు పేర్చుకుని పోయేవాడు. సెనేటర్ కార్యాలయానికి కూడా పంపినప్పుడు కాస్త కలుక్కుమంది గానీ, పక్షపాతం లేని మనిషి కదా అని సరిపెట్టుకున్నాడు. పెట్టెల మీద అంటించిన కాగితాలు ఎలా వేడి చేసుకోవాలో చెప్పేవనుకుని ఒక్కదాన్నీ చదవలేదు.

జనవరిలో మూడో అభ్యర్థి వచ్చింది. డాక్టర్ సాండ్‌వాల్. పాతికేళ్ళు పశువుల డాక్టరు, తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో సభ్యురాలిగా ఒక దఫా. కెమెరా లేదు, వెనక మనుషులు లేరు, తన కారు తనే నడుపుకుంటూ వచ్చింది. సర్వేల్లో ఆవిడ పేరు అడుగున, "తెలియదు" అన్నవాళ్ళ కింద ఉంది.

అర్మాండ్ అలవాటు కొద్దీ లేచి, "మా స్నేహితుడొకాయన..." అన్నాడు.

"అర్మాండ్, కూర్చో" అన్నారు గదిలో నలుగురైదుగురు. ఒడిలే అతని బదులు అడిగింది: "క్రిప్టో మీద మీ అభిప్రాయం ఏంటండీ?"

డాక్టర్ సాండ్‌వాల్ పళ్ళెం పక్కన పెట్టింది. "నాకు దాన్ని నలుగురు విడివిడిగా వివరించారండీ. విన్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. కారు దాకా వెళ్ళేసరికి పోతుంది. తెలిసినవాళ్ళని పెట్టుకుని నేర్చుకుంటాను. ఈలోగా ఉన్నదీ లేనిదీ చెప్పలేను. మీ ఆవు సంగతైతే ఇప్పుడే చెబుతాను."

తర్వాత ఒకాయన నిజంగానే తన ఆవు సంగతి అడిగాడు. అరగంట అదే నడిచింది. వెళ్ళేముందు డాక్టర్ సాండ్‌వాల్ తన పళ్ళెం, పక్కనున్న ఇంకో నాలుగు పళ్ళేలు వంటింట్లోకి తీసుకెళ్ళి, చొక్కా చేతులు మడిచి కడిగి, తుడిచి పెట్టింది. లొరెయిన్ వద్దనలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. ముందు గదిలో ఆడవాళ్ళంతా కూడా చూశారు.

ప్రైమరీ రోజు పొద్దున అర్మాండ్ టౌన్ హాలుకి వెళ్ళాడు. జాబితా ముందు పెట్టుకుని లొరెయిన్ కూర్చుని ఉంది.

"పేరు?" అంది.

"నీకు తెలీదా?"

"పద్ధతి. పేరు చెప్పండి."

"అర్మాండ్ తిబొడో."

"అర్మాండ్ తిబొడో" అని హాలంతా వినపడేటట్టు పైకి చదివి, గీత పెట్టి, ఓటుకాగితం ఇచ్చింది. ఎందుకో ఆ పేరు ఆవిడ నోట వింటే అతనికి తప్పు చేసినవాణ్ణి బోనులోకి పిలిచినట్టనిపించింది.

సాయంత్రం లెక్క తేలింది. రాష్ట్రం మొత్తం మీద గవర్నర్ గెలిచాడు. ఎల్డర్స్‌బ్రూక్‌లో మాత్రం డాక్టర్ సాండ్‌వాల్‌కి నూట తొంభై ఒకటి, గవర్నర్‌కి యాభై ఎనిమిది, సెనేటర్‌కి యాభై మూడు. ఒక విలేకరి పరుగున వచ్చి చెత్త డిపో దగ్గర జనాన్ని పట్టుకున్నాడు.

"క్రిప్టో వల్లేనా?"

"ఇద్దరూ ఒకే పాట పాడారు కదయ్యా, దాన్ని పట్టుకుని ఎలా తేల్చుకుంటాం?" అంది ఒడిల్. "ఆవిడ పళ్ళేలు కడిగింది."

విలేకరి పళ్ళేల సంగతి రాయలేదు. "క్రిప్టో రాజధానిలో క్రిప్టో మీద తిరుగుబాటు" అని రాశాడు. అది దేశమంతా చదివింది. చదివినవాళ్ళంతా తమ దగ్గరున్న బీవర్లని అమ్ముకున్నారు. ఒక ఊరి ఓటుతో ధర కదిలించాలని అర్మాండ్ పన్నిన పన్నాగం అక్షరాలా పారింది. కాకపోతే ధర కిందికి కదిలింది.

వారం తర్వాత ఇంటి ముందు లారీ ఆగింది. ఇద్దరు మనుషులు పెద్ద పెట్టె దించి వంటింట్లో పెట్టి, పాతదాన్ని మోసుకుపోయారు. అర్మాండ్ ఒక్క క్షణం ఓడ నిజంగానే ఉందేమో, తానే మర్చిపోయాడేమో అనుకున్నాడు.

"లొరెయిన్, ఇది... ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. కొన్నాను."

"డబ్బు?"

"తూర్తియేర్లవి. గవర్నర్ ఆఫీసువాళ్ళు తొంభై తీసుకున్నారు. సెనేటర్‌వాళ్ళు పంతానికి నూటపది తీసుకున్నారు."

"అవి ఊరికే పంపావనుకున్నానే!"

"రెండొందలు ఊరికేనా? ప్రతి పెట్టె మీదా బిల్లు అంటించాను. నువ్వే కదా మోసుకెళ్ళి ఇచ్చావు."

అర్మాండ్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను ఆర్డరివ్వలేదని నీకెప్పుడు తెలిసింది?"

"సెప్టెంబరులోనే. ఓడ పేరు కనుక్కుందామని షాపుకి ఫోన్ చేశాను."

"మరి నన్ను నిలదీయలేదేం?"

లొరెయిన్ కొత్త ఓవెన్ తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొదట కోపమొచ్చింది. తర్వాత, నాతో చెప్పకుండా ఉండటానికి ఈ మనిషి ఎంత దూరం పోతాడో చూద్దామనిపించింది. ఇంత దూరం పోతావనుకోలేదు అర్మాండ్. గవర్నర్‌తో చెప్పావు. సెనేటర్‌తో చెప్పావు. టీవీలో దేశం మొత్తానికి చెప్పావు. రోజూ పొద్దున్న ఎదురుగా కూర్చుని టోస్టు తినేదానితో మాత్రం చెప్పలేకపోయావు."

అర్మాండ్ బల్ల మీద లేని మరకని బొటనవేలితో రుద్దాడు. "భయమేసింది" అన్నాడు చివరికి. "రెండేళ్ళు కూడబెట్టావు కదా."

"ఆ ఒక్క మాట చెప్పడానికి అధ్యక్ష ఎన్నికలు కావాలా?" అంది లొరెయిన్. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. కళ్ళజోడు పెట్టుకుంది. "ఏదీ, చూపించు ఆ బీవర్‌ని. గవర్నర్ వచ్చిన రోజునించీ చూడాలనుంది."

అర్మాండ్ ఫోను తీసిచ్చాడు. లొరెయిన్ దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది.

"ఇదెందుకు పెరుగుతుంది?"

"పెరుగుతుందని జనం అనుకుంటే."

"ఎందుకు తగ్గుతుంది?"

"తగ్గుతుందని అనుకుంటే."

"ఊళ్ళో పుకార్ల లాగన్నమాట. ఇంతకీ నువ్వెవరికేశావు ఓటు?"

అర్మాండ్ తల దించుకున్నాడు. "డాక్టరుకి."

"అదేంటి? మరి బీవరో?"

"పెన్సిలు చేతిలోకి తీసుకున్నాక బీవర్ గుర్తు రాలేదు లొరెయిన్. ఆవిడ ఆ ఆవు గురించి అంత ఓపిగ్గా చెప్పింది కదా."

లొరెయిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే "అమ్మెయ్" అంది. ఆవిడ ఎదురుగానే అమ్మాడు. పోగా మిగిలిన డబ్బుకి ఏమొస్తుందా అని ఇద్దరూ కలిసి ఆలోచించారు. వేడి పళ్ళేలు పట్టుకునే మందపాటి చేతితొడుగులు ఒక జత వచ్చాయి.

మర్నాడు అర్మాండ్ వాటిని తెచ్చి, కొంచెం సిగ్గుపడుతూ భార్య చేతికిచ్చాడు. లొరెయిన్ ఇటూ అటూ తిప్పి చూసి, మళ్ళీ అతని చేతుల్లోనే పెట్టింది.

"ఇవి నీ కొలతే. టామ్సిన్ ఫోన్ చేసింది, గవర్నర్ గెలుపు విందుకి ఇంకో అరవై కావాలట. పంది మాంసం ఫ్రిజ్‌లో ఉంది. పిండి నేను కలుపుతాను, కాల్చేది నువ్వు."

"నాకు రాదే."

"తెలిసినదాన్ని నేనున్నాగా" అంది లొరెయిన్. "అడుగు, చెబుతాను."

అర్మాండ్ తొడుగులు చేతులకి ఎక్కించుకున్నాడు. "ఎంతసేపు కాలాలి?" అని అడిగాడు.